నెలకి ఎనిమిది పేజీలు

“రాయాలని ఉంది గురూ, టైమే దొరకట్లేదు!” హాస్టల్లో ఈ మాట అననివాడు లేడు. రెండేళ్ళపాటు నేనూ అన్నాను. సావనీర్‌కి రచనలు కావాలన్న నోటీసులో ఆఖరి తేదీ చూశాకే అందరం కలాలు వెతుక్కుంటాం.

ఈ జబ్బు మనదొక్కరిదే కాదు. 1999లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో క్రిస్ బేటీ అనే యువకుడూ, అతని మిత్రులూ 21 మంది కలిసి పందెం వేసుకున్నారు: ఒక్క నెలలో 50,000 పదాల నవల! అంటే రోజుకి సుమారు 1,667 పదాలు. తర్వాత ఏటా నవంబరులో లక్షలమంది ఇందులో దిగారు. దాన్ని నడిపిన సంస్థ 2025లో మూతపడింది గాని, పందేనికి సంస్థే ఉండాలా?

మా గదిలో నలుగురం నెలకి ఎనిమిది పేజీలు అనుకున్నాం. నెలాఖరు ఆదివారం ఒకరిది ఒకరు చదవాలి. రాయనివాడు అందరికీ టీ, మిర్చిబజ్జీలు ఇప్పించాలి. రెండో నెలలో నేను పాత కథకే పేర్లు మార్చి పట్టుకెళ్ళాను. మిత్రుడు రెండు పేజీలు చదివి, కాగితాలు మడిచి చేతికిచ్చి, “ఇది నిరుడు చదివాంరా” అన్నాడు, అంతే. ఆ సిగ్గు ముందు బజ్జీల ఖర్చు ఏపాటిది! ఆ రాత్రే కూచుని కొత్తగా నాలుగు పేజీలు రాశాను.

లెక్క కోసం రాస్తే చెత్త పెరగదా అని లెక్చరర్లు అడగవచ్చు. పెరుగుతుంది. మొదటి నెల కథలు మాకే నచ్చలేదు. మూడో నెలకి ఎక్కడ సాగదీస్తున్నామో మాకే తెలిసొచ్చింది.

లెక్కా, గడువూ ఎవరైనా పెట్టుకుంటారు. “ఏదిరా, చూపించు” అని అడిగేవాడు కావాలి. యూనియన్‌వారికి ఒక మనవి: నెలకో ఆదివారం సాయంత్రం రీడింగ్‌రూమ్ తెరిపించండి. వచ్చే ఏడు సావనీర్‌కి నోటీసు పెట్టే పనే ఉండదు.