పామాయిల్‌కు ముందు తేలాల్సింది నీళ్ల లెక్క

కర్మన్‌ఘాట్ రోడ్డు మీద సాయంత్రం మిర్చి బజ్జీలు వేగే మూకుళ్లలో చాలావాటిలో మరిగేది పామోలినే. మిగతా నూనెలకంటే చౌక, ఎంతసేపు కాగినా తట్టుకుంటుంది. అందులో అధిక భాగం ఇండోనేసియా, మలేసియాల నుంచి ఓడల్లో వస్తుంది. 2022 ఏప్రిల్‌లో ఇండోనేసియా కొన్ని వారాలు ఎగుమతులు ఆపేస్తేనే ఇక్కడి వంటిళ్లు ఉలిక్కిపడ్డాయి. ఈ పరాధీనత తగ్గించడానికే కేంద్రం 2021 ఆగస్టులో రూ.11,040 కోట్లతో పామాయిల్ మిషన్‌ను ఆమోదించి, అదనంగా 6.5 లక్షల హెక్టార్లలో సాగు లక్ష్యం పెట్టుకుంది. తెలంగాణ ఒక దశలో 20 లక్షల ఎకరాల మాట చెప్పింది.

ఆగ్నేయాసియాలో పామాయిల్ మీద ప్రధాన అభియోగం అడవుల నరికివేత. మన దగ్గర అశ్వారావుపేట, దమ్మపేటల్లోనైనా, ఏలూరు వైపైనా తోటలు ఎక్కువగా సాగు భూముల్లోనే వచ్చాయి. కాబట్టి ఇక్కడ పరీక్ష అడవి దగ్గర కాదు, బోరు దగ్గర.

ఎకరానికి 57 మొక్కలు. ఎదిగిన చెట్టుకు వేసవిలో రోజుకు 200 లీటర్లకు పైగా కావాలి. అంటే ఎకరానికి రోజూ 11 వేల లీటర్ల పైమాటే. వరికి ఇంతకన్నా ఎక్కువ పడుతుందన్న వాదనలో నిజం ఉంది. అయితే బోరు వట్టిపోతే వరి రైతు ఒక యాసంగి మానుకోగలడు. పాతికేళ్లకు పైగా నిలబడే తోటకు ఆ వీలు లేదు. నీటి ఎద్దడి తగిలిన చెట్టు ఆడ పూగుత్తులు తగ్గించి మగవి ఎక్కువ వేస్తుంది. ఆ దెబ్బ దాదాపు రెండేళ్ల తర్వాత గెలల దిగుబడిలో బయటపడుతుంది. అప్పటికి వానలు బాగా పడినా లాభం లేదు.

ధరదీ ఇదే కథ. కోసిన గెల 24 గంటల్లో మిల్లుకు చేరకపోతే నూనె నాణ్యత పడిపోతుంది. అందుకే రైతు సరుకు దాచుకుని మంచి ధర కోసం ఆగలేడు. తన మండలాన్ని ఏ కంపెనీకి కేటాయిస్తే ఆ మిల్లుకే తోలాలి. ముడి పామాయిల్‌పై మొత్తం దిగుమతి సుంకాన్ని 2024 సెప్టెంబరులో 5.5 శాతం నుంచి 27.5 శాతానికి పెంచిన కేంద్రం, 2025 మే నెలాఖరులో 16.5 శాతానికి దించింది. తోట వేసేది ముప్పై ఏళ్ల భరోసాతో, సుంకం నిలిచింది తొమ్మిది నెలలు కూడా కాదు.

చేయాల్సిన పనులు కొత్తవేమీ కావు. మొక్కల రాయితీకి ముందే ఆ గ్రామ భూగర్భ జలమట్టం చూడాలి. నీళ్లు అడుగంటిన చోట లక్ష్యాల కోసం మొక్కలు అంటగట్టకూడదు. డ్రిప్ తప్పనిసరి చేయాలి. నరికిన మట్టలను కాల్చకుండా చెట్ల మధ్యే పరిస్తే తేమ నిలుస్తుంది, నేలకు సత్తువ చేరుతుంది. గోదావరి జిల్లాల్లో మాదిరిగా కోకో అంతర పంటగా వేస్తే గెల ధర పడిన ఏడాది చేతిలో మరో ఆదాయం ఉంటుంది. గత అయిదేళ్ల సగటు ముడి నూనె ధర ఆధారంగా కేంద్రం ప్రకటించిన గిట్టుబాటు ధరకు, మార్కెట్ ధరకు మధ్య తేడా సొమ్ము ఆలస్యం లేకుండా రైతు ఖాతాలో పడాలి.

నాటిన ఎకరాలను బట్టి అధికారుల పనితీరును కొలిచినంత కాలం మొక్కలు పెరుగుతాయి తప్ప తోటలు నిలవవు. పదో ఏట కూడా నీళ్లందుతూ, గిట్టుబాటవుతూ ఉన్న ఎకరాలెన్నో ప్రభుత్వం ఏటా లెక్క చెప్పాలి.