పేరయ్యకి ఏ సెమినరీ సర్టిఫికెట్టిచ్చింది?

స్థానిక సంఘ నాయకులకి శిక్షణిస్తున్నామని విదేశాల్లో గొప్పలు చెప్పుకునే పెద్దలారా!

ఒంగోలు సీమలో మాదిగల్ని యేసు దగ్గరికి తెచ్చిందెవరు? క్లౌ దొర అంటారు. ముందు నడిచింది యర్రగుంట్ల పేరయ్య, తోలు వ్యాపారం చేసుకునే మాదిగ. 1866లో బాప్తిస్మం తీసుకుని ఊరూరూ తిరిగాడు. 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలిచ్చింది కూడా తెలుగు బోధకులే.

శిక్షణ వద్దనడం లేదు. దండిగా కావాలి. కానీ ఎవరికి? ఏ భాషలో? పగలు కూలికెళ్ళి రాత్రి వాక్యం చెప్పే గూడెం పాస్టరు మూడేళ్ళు పట్నంలో కూర్చుని ఇంగ్లీషులో దైవశాస్త్రం చదవగలడా? చదువే ఆయన గూడేనికి రావాలి, తెలుగులో రావాలి. ఇంటింటికీ తిరిగి సంఘాన్ని నిలబెడుతున్న అక్కకీ అందులో చోటుండాలి.

గ్రీకు క్రియలతోపాటు 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా కూడా చెప్పండి. 1956లో సిక్కు దళితులకు, 1990లో బౌద్ధ దళితులకు తీసిన తలుపు క్రైస్తవ దళితుడికి ఇంకా మూసే ఉంది. అట్రాసిటీ చట్టం నీకు వర్తించదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది ఎవరికనుకున్నారు? ఒక పాస్టరుకే! కులం పేరుతో తిట్టేవాడు మాత్రం బాప్తిస్మం చూసి వదలడు. ఈ సంగతి తెలియని పాస్టరు గూడేన్ని ఎట్లా కాస్తాడు?

శిక్షణ పేరుతో మా పిల్లల్ని మా గూడేనికే పరాయివాళ్ళని చెయ్యొద్దు. గూడెంలో నిలబడి కొట్లాడేవాణ్ణి తయారుచెయ్యండి. అప్పుడే మీ కానుక కానుకవుతుంది.