బుస కొట్టేది కరెంటు కాదు

సింగపూర్‌లో ఎలక్ట్రిక్ గిటారు పట్టిన మనవాళ్లు నలుగురు చేరితే చాలు, తీర్పు సిద్ధంగా ఉంటుంది. ఆంప్ బుస కొడుతోందా, నాయిస్ గేట్ కొను. దానికీ లొంగకపోతే పికప్‌లు మార్చు, ఖరీదైన కేబుల్ వెయ్యి, ఆపైన పవర్ కండిషనర్ తెచ్చుకో. నెపాలకూ కొదవలేదు: ఇక్కడి ప్రభుత్వ గృహాలైన హెచ్‌డీబీ ఫ్లాట్లలో కరెంటు శుభ్రంగా ఉండదట, ఈ ఉక్కపోత గిటారుకు పడదట, వేడికి సర్క్యూట్లు బుస కొడతాయట. శనివారం సాయంత్రం పెనిన్సులా షాపింగ్ సెంటర్‌లో గిటారు దుకాణాల వెంట తిరిగితే ఈ పాఠం మొత్తం చెవిన పడుతుంది. ఇందులో నిజం పిసరంత. డబ్బు దండగ ఒక్కటే అయితే ఊరుకోవచ్చు, కానీ దీని చివర ప్రాణాపాయం కూడా ఉంది.

ముందు వేడి సంగతి తేల్చేద్దాం. ఏ రెసిస్టరైనా వేడి వల్ల సన్నగా రొద చేస్తూనే ఉంటుందని బెల్ ల్యాబ్స్‌లో జాన్సన్ కొలిచి చూపించాడు, నైక్విస్ట్ దానికి లెక్క కట్టాడు. ఆ పరిశోధన 1928లో అచ్చయింది. ఆ లెక్క ప్రకారం గదిని 30 డిగ్రీల నుంచి 20కి చల్లబరిస్తే తగ్గే రొద రెండు శాతం కూడా ఉండదు. ఏసీ వేస్తే హాయి మీకే, గిటారుకు ఒరిగేదేమీ లేదు. ఇక తేమ. అది జాక్‌లకూ పాట్‌లకూ చిలుము పట్టిస్తుంది, నిజమే. అప్పుడు వినబడేది చిటపట, నాబ్ తిప్పినప్పుడు గరగర. బుస మాత్రం కాదు.

అసలు అన్ని మోతలనూ కలిపి 'నాయిస్' అనేయడంతోనే తప్పు మొదలవుతుంది. గుయ్యిమనే హమ్, జుమ్మనే బజ్, సన్నటి బుస, చిటపట, ఇవి ఒక చోట పుట్టేవి కావు. సింగపూర్ కరెంటు మన ఊళ్లలాగే 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ట్రాన్స్‌ఫార్మర్ల చుట్టూ ఉండే అయస్కాంత క్షేత్రాన్ని సింగిల్ కాయిల్ పికప్ ఇట్టే పట్టేస్తుంది, అదే హమ్. 1954లో వచ్చిన తొలి స్ట్రాటోకాస్టర్‌ది కూడా ఇదే తంతు. దీని విరుగుడుకే గిబ్సన్‌లో సెత్ లవర్ 1955లో హంబకర్ రూపొందించాడు. రెండు కాయిళ్లూ ఒకే హమ్‌ను ఎదురెదురుగా పట్టి దాన్ని కొట్టేస్తాయి. కానీ బుస తగ్గించడం హంబకర్ పని కాదు. గిటారు లోపల అంటించే రాగి టేపు బజ్‌ను చాలావరకు ఆపుతుంది, 50 హెర్ట్జ్ అయస్కాంత హమ్ మాత్రం ఆ పల్చటి రేకును లెక్కచేయదు. ఇది చెబితే టేపు అమ్ముడుపోదు.

మోత ఎక్కడిదో కనుక్కోవడానికి పైసా ఖర్చక్కర్లేదు. గిటారు వాల్యూమ్ సున్నాకు తిప్పండి. మోత అలాగే ఉంటే అది గిటారు తర్వాత పుట్టినట్టే, మరి పికప్‌లు మార్చడం అత్త మీద కోపం దుత్త మీద చూపడమే. ఆంప్‌లోంచి కేబుల్ పీకేయండి, ఇంకా మిగిలిందంతా ఆంప్ సొంతం. మోత పోయిందా, పెడల్స్‌ను ఒక్కొక్కటిగా పక్కకు తీసి నేరుగా కలిపి చూడండి. ఒకే అడాప్టర్‌కు గొలుసుగా తగిలించిన పెడల్స్‌లో డిజిటల్‌ది ఒకటుంటే కీచుమనే మోత దానిదే కావచ్చు. దాన్ని బ్యాటరీ మీద నడిపితే తెలిసిపోతుంది. గిటారు పట్టుకుని ఉన్నచోటే మెల్లగా చుట్టూ తిరగండి. ఒక దిక్కున హమ్ తగ్గి మరో దిక్కున పెరిగితే ఆంప్‌కు దూరంగా జరగడమే మందు. ల్యాప్‌టాప్‌కు కలిపి వాయించేవారు చార్జర్ ఒక్కసారి పీకి చూడాలి. సగం ఫిర్యాదులు అక్కడే తీరిపోతాయని నా నమ్మకం.

మరి బుస? అది చాలామటుకు మన చేతులారా చేసుకున్నదే. ఫ్లాట్‌లో పక్కింటివాళ్లకు భయపడి మాస్టర్ వాల్యూమ్ అడుగున పెడతాం. తీగ మోగిన తృప్తి కోసం గెయిన్ ఆకాశానికెత్తుతాం. గెయిన్ పెంచితే పాటతో పాటు రొదా పెరుగుతుంది. మొదటి దశలో చేరిన రొదను తర్వాతి దశలన్నీ పెంచుకుంటూ పోతాయని ఇంజనీరు హెరాల్డ్ ఫ్రిస్ 1944లోనే సూత్రం ఇచ్చాడు. కాబట్టి గిటారు వాల్యూమ్ నిండా పెట్టి, ఒకదాని మీద ఒకటి పేర్చిన డ్రైవ్ పెడల్స్‌లో రెండు కట్టేసి, ఆంప్ గెయిన్ సగానికి దించి, తగ్గిన ధ్వనిని మాస్టర్‌తో పూరించండి. మిగిలిన బుసతో బతకవచ్చు. ఎంత ఖరీదైన ఆంప్‌కైనా కాస్త ఉంటుంది.

ఇక నాయిస్ గేట్ చేసేదల్లా ఒక్కటే: ధ్వని ఒక హద్దు కిందికి దిగగానే తలుపు మూసేస్తుంది. మీరు వాయించినంతసేపూ తలుపు తెరిచే ఉంటుంది, బుస స్వరంతో పాటు బయటికి వస్తూనే ఉంటుంది. వాయించేటప్పుడు పోయేది మోత కాదు, స్వరం తోక. రాక్ వాయించేవారికి ఇది పట్టకపోవచ్చు. గిటారు మీద రాగం పలికించాలనుకునే తెలుగువాడికి పట్టాలి. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్‌ను ఎంచుకున్నాక గదా ఆ చిన్న వాయిద్యంలో స్వరం గమకానికి సరిపడా నిలిచింది. ఊగుతూ ఊగుతూ సన్నబడే ఆ చివరి భాగాన్నే గేట్ కత్తిరిస్తుంది. డబ్బు పోసి గమకం కోయించుకోవడం ఏం సరదా?

గేట్‌కు చోటు లేదని కాదు. హై గెయిన్ మెటల్‌లో తటాలున ఆగే నిశ్శబ్దమే సంగీతం. సింగపూర్ నుంచే ఎదిగి 2017లో గ్లాస్టన్‌బరీ సంగీతోత్సవం దాకా వెళ్లిన వార్మ్‌రాట్ లాంటి గ్రైండ్‌కోర్ బృందాల లోకం వేరు. ఆ అవసరం ఉన్నవాడికి గేట్ ఒక వాయిద్యం. మోత ఎక్కడిదో వెతకకుండా గేట్ తగిలించేవాడికి అది ముసుగు.

ముసుగు కింద దాగే అసలు ప్రమాదం ఎర్త్. హైదరాబాద్ నుంచి తెచ్చుకున్న ఆంప్‌కు గుండ్రటి మూడు పిన్నులుంటాయి. ఇక్కడి గోడ సాకెట్‌లో పలక పిన్నులే దూరతాయి. మధ్యలో చవక ట్రావెల్ అడాప్టర్ పెడతారు. దాన్ని తీసి పై పిన్ను చూడండి. చాలావాటిలో అది ప్లాస్టిక్‌ది. సాకెట్ తలుపు తెరవడానికే అది ఉంది, ఎర్త్ అందించడానికి కాదు. అప్పుడు ఆంప్ బజ్‌మంటుంది, తీగలు తాకితే వేలు జిల్లుమంటుంది. గేట్ తగిలిస్తే వాయించనప్పుడు మోత ఆగిపోతుంది, జిల్లు మాత్రం అలాగే ఉంటుంది. పరికరాల ఎర్త్‌లు ఒకదానికొకటి కలిసి చుట్టులా ఏర్పడితే వచ్చే గ్రౌండ్ లూప్ హమ్ పోవడానికి ఎర్త్ వైరు పీకెయ్యమని సలహా ఇచ్చేవాళ్లూ మనలో ఉన్నారు. స్టోన్ ద క్రోస్ గిటారిస్టు లెస్ హార్వే 1972లో స్వాన్సీ వేదిక మీద, యార్డ్‌బర్డ్స్ గాయకుడు కీత్ రెల్ఫ్ 1976లో ఇంట్లోనే, ఎర్తింగ్ సరిగా లేని పరికరాల షాక్‌తో పోయారు. ఇక్కడి ఇళ్లలో లీకయ్యే కరెంటును పసిగట్టి సరఫరా ఆపే ఆర్‌సీసీబీ ఉంటుంది కదా అనేవారికి ఒక మాట: అది రెండో రక్షణ, ఎర్త్‌కు బదులు కాదు. గ్రౌండ్ లూప్ అయితే అన్నిటినీ ఒకే పవర్ స్ట్రిప్‌కు తగిలించండి, అప్పటికీ తగ్గకపోతే సిగ్నల్ దారి మధ్యలో ఆడియో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టండి. అడాప్టర్ పక్కన పడేసి, ఇక్కడి మూడు పలక పిన్నుల ప్లగ్ తెచ్చి ఎలక్ట్రీషియన్‌తో వేయించండి. చిలుము పట్టిన జాక్‌కు బదులు కొత్తది సిమ్ లిమ్ టవర్‌లో దొరుకుతుంది. ఆ రెండూ కలిపినా ఒక గేట్ పెడల్ ఖర్చులో ఏ మూలకూ రావు.