ఆఖరి పన్నెండు కిలోమీటర్ల గురించి మాట్లాడుదాం



పోయిన వారం మన గ్రూపులో ఒక పాత ఫొటో తిరిగింది. దుమ్ము కొట్టుకుపోయిన ఇద్దరు పోరగాళ్లు, రెండు పాత సైకిళ్లు, వెనుక టేకు చెట్టు. "మూడు వందల కిలోమీటర్లు తొక్కి ఇల్లు చేరిన ఆదివాసీ సాహస వీరులు" అని పైన రాసిన్రు. ఆ ఇద్దరిలో ఒకణ్ని నేనే. రెండోవాడు నాకు తమ్ముడి వరస. లైకు కొట్టిన అందరికీ ధన్యవాదాలు. కానీ దాని కింద ఒక అన్న పెట్టిన ప్రతిపాదన చదివినంక ఊకోబుద్ధి కాలేదు. ఆగస్టు 9, ప్రపంచ ఆదివాసీ దినోత్సవం నాటికి హైదరాబాద్ నుంచి ఉట్నూరు దాకా సైకిల్ ర్యాలీ తీద్దామట. టీషర్టులు కుట్టిద్దామట. మా ఇద్దరికీ శాలువాలు కప్పుదామట. చందాలు కూడా మొదలైనయ్.

అన్నా, మీ ప్రేమ మీద నాకు అనుమానం లేదు. కానీ ఆ శాలువా నాకు వద్దు. ఎందుకు వద్దో చెప్తా. పోస్టు పొడుగైతది, ఓపిక పట్టండి.

ముందు జరిగింది చెప్పాలె. 2020 మార్చిలో హాస్టల్ మూసేసిన్రు. తెలిసినోళ్ల రూములో తలదాచుకున్నం. ఏప్రిల్ 14న లాక్‌డౌన్ ఇంకా పొడిగించిన్రు. అప్పటికి బియ్యం అయిపోయినయ్, పైసలు అయిపోయినయ్. మిగిలిన దాంట్లో రెండు పాత సైకిళ్లు కొని 16న పొద్దు పొడవక ముందే బయల్దేరినం. మేడ్చల్, తూప్రాన్, కామారెడ్డి, ఆర్మూర్. సోన్ దగ్గర గోదావరి బ్రిడ్జి దాటి నిర్మల్. అక్కడి నుంచి నేరడిగొండ, ఇచ్చోడ, గుడిహత్నూర్. ఐదు రోజులు పట్టింది. దారిలో అన్నం పెట్టినోళ్లు ఉన్నరు, లాఠీ చూపినోళ్లు ఉన్నరు. ఒక ముసలాయన పంక్చరు వేసి పైసలు తీసుకోలేదు.

ఇదంతా మీకు సాహసంలాగ కనబడుతది. కానీ మనిషి ఇంట్లో హాయిగా ఉండే వీలుండి, కావాలని కొండెక్కితే దాన్ని సాహసం అంటరు. మాకు రూములో ఆకలి, బయట బంద్. ఇంటికి పోకుండా ఏం చేస్తం?

ఇంకో మాట. ఆ ఏడాది మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌కు వలస కూలీల మొదటి రైలు పోయింది. మంచిదే, పోవాల్సిందే. కానీ సొంత రాష్ట్రంలో, సొంత జిల్లాకు పోవాల్సిన మనలాంటోళ్లకు మే 19న ఆర్టీసీ బస్సులు మళ్లీ తిరిగే దాకా దిక్కు లేదు. దీని గురించి అప్పుడు ఎవరన్నా అడిగిండ్రా? మనం అడిగినమా? అడగలేదు. సైకిల్ ఫొటోలకు దండం పెట్టుకుంట కూసున్నం.

అదే మే నెలలో బీహార్ పిల్ల జ్యోతి కుమారి దెబ్బ తగిలిన నాయినను వెనుక కూర్చోబెట్టుకుని గుర్‌గ్రామ్ నుంచి దర్భంగా దాకా తొక్కింది. సుమారు 1200 కిలోమీటర్లు. వయసు 15. దేశమంతా చప్పట్లు కొట్టింది. అమెరికా అధ్యక్షుడి బిడ్డ కూడా పొగిడింది. సైక్లింగ్ ఫెడరేషన్ ట్రయల్స్‌కు రమ్మన్నది. పదిహేనేండ్ల పిల్ల నాయినను మోసుకుపోయే గతి ఎందుకు పట్టిందన్న ప్రశ్న మాత్రం ఆ చప్పట్లలో వినబడకుండ పోయింది.

ఇప్పుడు మన బిడ్డ సంగతి. జమలో మడ్కం. బీజాపూర్ జిల్లా ఆదివాసీ పిల్ల, 12 ఏండ్లు. మన ములుగు జిల్లాలో మిర్చి ఏరడానికి వచ్చింది. పని ఆగిపోయింది, బస్సు లేదు. పెద్దోళ్లతో కలిసి అడవి దారిన మూడు రోజులు నడిచింది. ఏప్రిల్ 18న, ఇల్లు ఇంకా పది పదిహేను కిలోమీటర్లు ఉందనంగా దారిలోనే ప్రాణం పోయింది. ఆ రోజు మేం నిర్మల్ దగ్గర ఉన్నం. ఇద్దరం బతికి ఇంటికొచ్చినం కాబట్టి మా ఫొటో తిరుగుతున్నది. జమలో నడిచింది కూడా ఇంటికే కదా. ఆమెను సాహస వీరురాలు అని ఎవ్వరూ రాయలేదు. చేరితే శాలువా, చేరకపోతే ఎక్స్‌గ్రేషియా. ఈ లెక్క నాకు నచ్చలేదు.

ఇగ అసలు విషయం. ఆ మూడు వందల కిలోమీటర్లలో మాకు కష్టమైంది ఎక్కడో తెలుసా? హైవే మీద కాదు. నాలుగు లైన్ల రోడ్డు, గంటకు పన్నెండు కిలోమీటర్లు తేలిగ్గ పోయినం. ఏప్రిల్ 20న ఇంద్రవెల్లి స్తూపం ముందుకెళ్లి వచ్చినం. 1981లో అదే తారీఖున భూమి అడిగినందుకు మనోళ్ల మీద కాల్పులు జరిగినయ్. సర్కారు లెక్కల చనిపోయింది 13 మంది, జనం లెక్కల ఎన్నో రెట్లు. ఆగి దండం పెట్టుకుని కదిలినం. ఆ తర్వాత మెయిన్ రోడ్డు దిగినం. అక్కడి నుంచి మా గూడెం పన్నెండు కిలోమీటర్లు.

ఆ పన్నెండు కిలోమీటర్లకు మూడున్నర గంటలు పట్టింది. సగం దూరం సైకిల్ మమ్మల్ని మోయలేదు, మేమే సైకిల్‌ను భుజానేసుకుని మోసినం. రాళ్లు, ముళ్లు, రెండు వాగులు. ఎండాకాలం కాబట్టి వాగుల ఇసుకే ఉంది. అదే ఆగస్టు అయితే ఒడ్డు మీదనే పడుకోవాలె. ఊరి మొదట్ల ముళ్లకంచె వేసిన్రు, లోపలికి రావద్దన్నరు. అది తప్పని నేను అనను, భయం అందరిదీ. పద్నాలుగు రోజులు చేను గుడిసెల ఉన్నం. అవ్వ రోజూ గట్క తెచ్చి దూరంగ పెట్టి, అక్కడే నిలబడి ఏడ్చేది.

లాక్‌డౌన్ పోయింది. బస్సులు తిరిగినయ్. కానీ మా పన్నెండు కిలోమీటర్లు అట్లనే ఉన్నయ్. ఆ ఆగస్టులోనే మా వదినకు నొప్పులొచ్చినయ్. అంబులెన్స్ వాగు అవతల ఆగింది. ఎడ్లబండి మీద వాగు దిగినంక నడి నీళ్లల్ల పాప పుట్టింది. తల్లీ పిల్లా బతికిన్రు. ఎడ్లు తడబడలేదు కాబట్టి బతికిన్రు. ఇది చూసి మా వదినకు కూడా శాలువా కప్పుతరా?

"మన గొప్పతనం మనం చెప్పుకోవద్దా తమ్మీ" అని కొందరు అడుగుతరు. చెప్పుకోవాలె. కానీ మనం ఎవరిని గొప్ప అంటున్నం? కొమురం భీం కష్టాన్ని ఓర్చుకున్నందుకు పెద్దోడు కాలేదు. జల్, జంగల్, జమీన్ మాది అని అడిగిండు. అడిగినందుకు 1940లో జోడేఘాట్‌లో ప్రాణం ఇచ్చిండు. ఓర్చుకునేటోణ్ని పొగడటం సర్కారుకు ఖర్చు లేని పని. బ్రిడ్జి కట్టాల్నంటే ఖర్చయితది. మనం కూడా ఆ ఖర్చు లేని పనే చేసిపెడుతున్నం.

అడిగితే ఏమంటరో నాకు తెలుసు. "అడవి భూమి, పర్మిషన్ రాదు" అంటరు. అటవీ హక్కుల చట్టం 2006, సెక్షన్ 3(2) చదవండి. రోడ్డు, బడి, దవాఖాన లాంటి 13 అవసరాలకు, ఒక్కోదానికి హెక్టారుకు తక్కువ అడవి భూమి, హెక్టారుకు 75 చెట్లకు మించకుండా, గ్రామసభ సిఫారసుతో ఇయ్యొచ్చు. నాలుగు మీటర్ల వెడల్పు రోడ్డుకు ఒక హెక్టారు అంటే రెండున్నర కిలోమీటర్లు. మా దారిలో అడవి భూమి రెండు కిలోమీటర్లు కూడా లేదు, మిగతాదంతా పట్టా చేన్లే. "జనాభా చాలదు" అని ఇంకోమాట అంటరు. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో మన షెడ్యూల్డ్ ప్రాంతాలకు 250 జనాభా ఉంటే చాలు. అంతకన్నా చిన్న గూడాలకు వేరే పద్దు కింద అడగాలె. అడగాల్సింది చదువుకున్న మనమే. పటేల్ అడిగితే వేలిముద్ర పెట్టించుకుని పంపిస్తరు. డిగ్రీలు చేసిన మనం ర్యాలీలో టీషర్టు వేసుకుని తిరిగితే ఇగ ఎవరు అడుగుతరు?

అందుకే నాది ఎదురు ప్రతిపాదన. ర్యాలీ వద్దు. వచ్చిన చందాతోటి టేపులు, జిరాక్సులు, చార్జీలు పెట్టుకుందాం. సెలవులకు ఎవరి గూడానికి వాళ్లం పోయి దారి కొలుద్దాం. అడవి భూమి ఎంత, పట్టా భూమి ఎంత, వాగులు ఎన్ని, ఎన్ని నెలలు బంద్ ఉంటది, రాసుకుందాం. గ్రామసభ తీర్మానం చేయిద్దాం. ఆగస్టు 9 తర్వాత వచ్చే సోమవారం ప్రజావాణిలో అందరం ఒక్కసారే ఇద్దాం, రసీదు తీసుకుందాం. రసీదు ఫొటోలు ఈ గ్రూపులో పెడదాం. అప్పుడు లైకులు కొట్టుకుందాం.

ర్యాలీ తీస్తేనే నలుగురి కంట్ల పడుతం అని ఆ అన్న అనొచ్చు. ఒక మాట ఒప్పుకుంట. తీయాలంటే తీయండి. కానీ ఉట్నూరుల ఆపొద్దు. మెయిన్ రోడ్డు దిగి మా గూడెం దాకా రండి, వానాకాలంలనే రండి. సైకిళ్లు వాగు ఒడ్డు మీద పెట్టి అక్కడ శాలువాలు కప్పుకుందాం. పత్రికోళ్లను కూడా అక్కడికే పిలవండి.

ఇప్పుడు కామెంట్లల్ల "సూపర్ అన్నా" అని రాయకండి. మూడు సంగతులు రాయండి. మీ గూడెం పేరు. బస్సు ఆగే చోటు నుంచి ఎన్ని కిలోమీటర్లు. మధ్యలో బ్రిడ్జి లేని వాగులు ఎన్ని. ముందు నాది రాస్తున్న: పన్నెండు కిలోమీటర్లు, రెండు వాగులు.

జై సేవా. జై ఆదివాసీ.