ఒడ్డు వారి హక్కు, ఉమ్మడి కట్టుబాటు

జలదంకి నుండి తూర్పునకు పోయి కావలి దాటినచో, తుమ్మలపెంట మొదలు జువ్వలదిన్నె, ఇసకపల్లి, మైపాడు వరకు ఏ పట్టపుపాలెమున కాలుపెట్టినను వినవచ్చు మొదటి మొర సోనాబోట్లను గూర్చియే. తమిళనాటి కడలూరు, పుదుచ్చేరికి చెందిన కారైకాల్ రేవుల నుండి అధికశక్తి గల ఇంజన్లతో వచ్చు ఆ మరపడవలు, రాత్రివేళ తీరమునకు చేరువగా సన్నకన్ను వలలను నేలబారున ఈడ్చుచు, పిల్లచేపలను సైతము ఊడ్చుకొనిపోవుటయే కాక, మనవారు అప్పుచేసి కొని నీట పరచిన వలలను తెంచివేయుచున్నవి. తెల్లవారుజామున ఫైబరు పడవపై పోయిన జాలరికి వంజరము, చందువలకు మారుగా తెగిన తాడును, తేలియాడు బెండ్లును మాత్రమే చిక్కుచున్నవి.

శాసనము లేక ఈ దురవస్థ కలుగలేదు. తీరజలములలోని మత్స్యసంపద రాజ్యాంగమునందలి రాష్ట్రజాబితాలో 21వ అంశము. ప్రాదేశికజలములకు ఆవలి వేట కేంద్రజాబితాలో 57వ అంశము. ఆ జలముల హద్దు 12 నాటికల్ మైళ్లని 1976 నాటి చట్టము నిర్ణయించినది. తీరము నుండి 8 కిలోమీటర్ల వరకు గల నీరు సంప్రదాయ పడవలదేయనియు, మరపడవలు ఆ మేర దాటియే వేటాడవలెననియు మన రాష్ట్ర నియమము. కొరవడినదెల్ల ఆ నియమమును నీటిపై నిలిపి కాపాడు నాథుడే.

ఈ విషయమున యూరపు చరిత్ర మనకు రెండు పాఠములు చెప్పుచున్నది. ఐస్‌లాండు 1975లో 200 మైళ్ల మేర తనదేయని ప్రకటించి, కావలి నౌకలను పంపి, బ్రిటిషు పడవల వలతాళ్లను సముద్రములోనే కోయించి, మరుసటి యేటికి తన హక్కును నిలుపుకొన్నది. యూరపు ఉమ్మడి మత్స్యవిధానము తమ జలములను పరులపాలు చేసినదని వాపోయిన బ్రిటిషు జాలరులు యూరపు సమాఖ్య నుండి వైదొలగుటకు పట్టుబట్టిరి. కాని 2020 నాటి ఒప్పందమున వారికి దక్కినది, తమ జలములలో యూరపు పడవలు పట్టు చేపల విలువలో నాలుగవవంతు మాత్రమే. అదియు అయిదున్నర యేండ్ల వ్యవధిలో. 2025లో యూరపు పడవల ప్రవేశము 2038 వరకు పొడిగింపబడినది. పట్టిన చేపలలో అధికభాగమును యూరపు విపణిలోనే విక్రయింపవలసిన దేశము ఒంటరిగా గిరి గీసికొని కూర్చుండజాలదు. కావలి లేని హక్కు కాగితము పాలు. ఒడంబడిక లేని హక్కు కలహము పాలు.

ఒడంబడిక మనకు క్రొత్త కాదు. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు తూర్పుతీరమంతట మరపడవలు ఒక్కతీరున లంగరు వేయుచున్నవి. గ్రుడ్లు పెట్టు కాలమునకు అందరును తలయొగ్గగలిగినప్పుడు, 8 కిలోమీటర్ల గీతకు ఏల తలయొగ్గరాదు?

సోనాబోట్లతో మన తగవు భాషాకలహము కానేకాదు. మన పట్టపువారి ఇంటిమాటలో అరవము నేటికిని కలిసియే యున్నది. కడలిలో గీత దాటినందులకు తమిళ జాలరులు శ్రీలంక చెరసాలలలో మ్రగ్గుచుండిరి. గుజరాతు పడవలపై కూలికి పోయిన మన శ్రీకాకుళము వారు 2018 నవంబరులో పాకిస్తానుకు చిక్కి, పదునాలుగు నెలలు బందీలైరి. గీత దాటించునది యజమాని పెట్టుబడి; శిక్ష అనుభవించునది కూలివాని దేహము.

కావున శిక్ష పడవ యజమానికే పడవలెను. మన తీరమున తప్పుచేసిన పడవ లైసెన్సును దాని సొంత రేవులోనే రద్దుచేయునట్లు ఆంధ్ర, తమిళనాడు రాష్ట్రములును, పుదుచ్చేరియు కేంద్రము సమక్షమున ఒడంబడిక వ్రాసికొనవలెను. నెల్లూరు తీరమునకు రాత్రింబగళ్లు తిరుగు కావలి పడవల నీయవలెను. ఉభయతీరముల జాలరి పెద్దలు ఏటేట వేటనిషేధ కాలమున ఒకచోట కూర్చుండి తమ తగవులు తీర్చుకొను సభ ఏర్పడవలెను. ఈ మూడును వచ్చు ఏప్రిల్‌లోగా మొదలుపెట్టుట ప్రభుత్వములకు అసాధ్యము కాదు.

— జలదంకి వాసి