గాలికి దారి ఇస్తే చాలదు

"పక్కలు తెరిచే ఉన్నాయి కదా, గాలి అటునుంచి ఇటు పోతుంది. కాంక్రీటు దిమ్మలెందుకు, దండగ!" ఉగాది వేదికకు వేయబోయే రేకుల పందిరి గురించి మొన్నటి సమావేశంలో వినిపించిన మాట ఇది. ఇది తప్పని సభ్యులందరికీ మనవి చేస్తున్నాను.

తెరిచిన పందిరిని గాలి పైనుంచి లాగుతుంది, కిందినుంచీ ఎత్తుతుంది. వేదిక వెనక తెర కట్టామా, పోవలసిన గాలి అక్కడ ఆగి కప్పును పైకి నెడుతుంది. ఎత్తే బలం దాదాపు రెట్టింపవుతుంది. భారత ప్రమాణం ఐ.ఎస్. 875 మూడో భాగం ఈ అడ్డంకిని కూడా లెక్కలోకి తీసుకోమంటుంది.

గంటకు 108 కిలోమీటర్ల గాలి అంటే చదరపు మీటరుకు సుమారు 55 కిలోల ఒత్తిడి. తెర కట్టిన 50 చదరపు మీటర్ల కప్పుకు అది రెండున్నర టన్నుల పైమాటే. రేకులూ ఇనుమూ కలిపి టన్ను తూగవు. మిగతాది పట్టి ఉంచవలసినవి భూమిలోని దిమ్మలూ, బోల్టులే.

బురైమికి సముద్రం దూరమని కొందరి ధీమా. హజర్ కొండల మీద వేసవి మధ్యాహ్నం లేచే ఉరుముల మబ్బుకు సముద్రంతో పనిలేదు. 2019 జూన్ 23న రాజస్థాన్ ఎడారి జిల్లా బార్మేర్‌లో, జసోల్ గ్రామంలో, రామకథ వింటున్నవారి మీద గాలివానకు డేరా కూలింది. కరెంటు కూడా తగిలి పధ్నాలుగు మంది దాకా పోయారు.

నేను వైద్యుణ్ణి, ఇంజనీరును కాను. కాని పందిరి కూలితే పిలుపు వచ్చేది మావంటి వాళ్లకే. మనలో సివిల్ ఇంజనీర్లకు కొదవ లేదు. ఒకరిచేత లెక్క వేయించండి. గాలి లేస్తే ముందు తెర దించి, జనాన్ని పంపేయండి. డబ్బు చాలకపోతే తోరణాలు తగ్గిద్దాం, దిమ్మలు కాదు.