మందు పంపు ఎవరి వీపు మీద?

రైతు దేశానికి వెన్నెముక అని చిన్నప్పటి నుంచి చదువుకుంటున్నాం. అయితే చేలో మందు పంపు మోసే వీపు చాలాసార్లు కూలివాళ్లది. నిజామాబాద్‌లో హాస్టల్‌లో ఉండి చదువుకునే మాలో ఎక్కువమందిమి ఆ కూలీల పిల్లలమే. కాబట్టి పురుగుల మందు మాకు సైన్సు పాఠం మాత్రమే కాదు, ఇంటి విషయం.

బోధన్ ప్రాంతం చెరకుకు పేరు. 2015 డిసెంబరులో శక్కర్‌నగర్‌లోని నిజాం షుగర్ ఫ్యాక్టరీ మూతపడింది. చెరకు తగ్గింది, వరి, సోయా పెరిగాయి. పంట మారినా పురుగు పోలేదు. చెరకుకు పీక పురుగు, సోయాకు పొగాకు లద్దె పురుగు, శనగకు పచ్చపురుగు. పురుగు కనబడితే చాలు, మందు కొట్టడమే అలవాటైంది.

కానీ మందుకు పురుగులన్నీ చావవు. తట్టుకున్నవి మిగిలి గుడ్లు పెడతాయి. వాటి పిల్లలకూ ఆ గుణం వస్తుంది. పురుగులను తినే సాలీళ్లు, అక్షింతల పురుగులు మాత్రం అదే మందుకు చస్తాయి. 1987లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి చేలల్లో ఇదే జరిగింది. మందు మీద మందు కొట్టినా పచ్చపురుగు లొంగలేదు. అప్పులపాలైన రైతులు కొందరు ప్రాణాలే తీసుకున్నారు.

దీనికి మరో దారి ఉంది. అదే ఎన్.పి.వి. అనే వైరస్. ఆకుతో పాటు పురుగు కడుపులోకి పోయి అక్కడ పెరుగుతుంది. వారం రోజుల్లో పురుగు కొమ్మ చివర తలకిందులుగా వేలాడి చస్తుంది. దాని నుంచి కారిన ద్రవం మిగతా పురుగులకూ రోగం అంటిస్తుంది. పచ్చపురుగు వైరస్ వేరు, లద్దె పురుగు వైరస్ వేరు. తేనెటీగకు గానీ, మనిషికి గానీ హాని లేదు. చెరకు పీక పురుగుకు కూడా గ్రాన్యులోసిస్ అనే వైరస్ ఉంది. ఎండకు వైరస్ దెబ్బతింటుంది కనుక సాయంత్రం చల్లాలి. ఎన్.పి.వి.లో కొంచెం బెల్లం కలుపుతారు. మన చెరకు సీమలో బెల్లానికి కరువా!

ఇది నిదానంగా పనిచేస్తుందని కొందరంటారు. నిజమే. ముదిరిన పురుగు మీద అంతగా పనిచేయదు కూడా. పురుగు చిన్నగా ఉన్నప్పుడే గుర్తుపట్టాలి. అందరికంటే ముందు దాన్ని చూసేది ఎవరు? రోజంతా వంగి కలుపు తీసే మా అమ్మలు, అక్కలు. వాళ్లకు శిక్షణ ఇచ్చి, చేను చూసి పురుగులు లెక్కపెట్టే పనికి కూడా కూలి కట్టివ్వాలని మేము కోరుతున్నాం. మన జిల్లాలోనే రుద్రూరులో చెరకు, వరి పరిశోధన కేంద్రం ఉంది. నాణ్యమైన వైరస్ మందు ప్రతి మండలంలో తక్కువ ధరకు దొరికేలా ప్రభుత్వం చూడాలి.

మందే వద్దని మేము అనడం లేదు. అది చివరి మార్గం కావాలి. తప్పనిసరై కొట్టినరోజు చేతులకు తొడుగులు, ముఖానికి గుడ్డ యజమానే ఇవ్వాలి.

మిత్రులారా! సెలవులకు ఊరికి వెళ్లినప్పుడు ఈ సంగతి మన ఇళ్లలో చెబుదాం. మన చదువు ముందుగా మనవాళ్ల వీపు మీది బరువు తగ్గించాలి.